వెంకటేశ్వరమ్మ బూర

రజినికి అన్నిటికంటే పెద్ద భయం ఏమిటంటే, తను చూస్తూ ఉండగానే ఇంట్లో ఎవరిదో ఒకరి ఊపిరి ఆగిపోతుందేమోనని. పాములూ దయ్యాలూ ఉరుములూ దాని తర్వాతే. అత్త అంటే ఉండే భయం కూడా దాని తర్వాతే, అదీ చాలా తర్వాత.

ఆ భయానికి కారణం లేకపోలేదు. పాప పుట్టగానే ఏడవలేదు. నర్సులు బిడ్డను అటూ ఇటూ తిప్పి, వీపు రుద్ది, అరికాళ్లు తట్టి ఏడిపించేదాకా రజిని తన ఊపిరి తను బిగబట్టుకునే ఉంది. బిడ్డ అప్పుడు ఏడ్చింది, ఆ తర్వాత ఏడవడం ఎప్పుడూ మరిచిపోలేదు, ఇప్పుడు ఇల్లంతా పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. తల్లి మాత్రం ఆనాడు బిగబట్టిన ఊపిరిని ఇంకా పూర్తిగా వదల్లేదు.

నిద్రపోతున్న పాప ముక్కు కింద వేలు పెట్టి చూడడం అప్పుడు అలవాటైంది. తర్వాత మొగుడు జగదీష్ ముక్కు కింద, ఆ తర్వాత మామ మార్కండేయులు ముక్కు కింద. ఒకరోజు మధ్యాహ్నం పక్కింటి సుభద్రమ్మ వీళ్ల అరుగు మీద కునుకు తీస్తుంటే గురక మధ్యలో ఆగింది. రజిని పరుగున వచ్చి వేలు పెట్టింది. సుభద్రమ్మ ఉలిక్కిపడి లేచి ముక్కుపుడక తడిమి చూసుకుంది. అది ఉన్నచోటే ఉంది గానీ, ఆ తర్వాత మళ్లీ ఆ అరుగు మీద ఒళ్లు వాల్చలేదు.

ఇలాంటి కోడలికి ఆయాసం ఉన్న అత్త దొరికింది.

అత్త పేరు వెంకటేశ్వరమ్మ. ఎమ్మిగనూరు నేతవాళ్ల వీధిలో ఆమె గొంతు తెలియనివాళ్లు లేరు. పిల్లప్పటి నుంచి రాట్నం ముందు కూర్చొని దారం కండెలు చుట్టింది, చాలా ఏళ్లు మగ్గం కూడా నేసింది. దూది నలుసు, గంజి వాసన, కట్టెల పొయ్యి పొగ, ఇవన్నీ రోజుకింత రొమ్ములోకి పోయి అక్కడే కాపురం పెట్టాయి. మొదట చలికాలం దగ్గు అన్నారు. తర్వాత అన్ని కాలాల దగ్గు అయింది. ఈ ఏడు ఒకరోజు కుళాయి నుంచి బిందె తెచ్చి దించబోతూ, దించలేక, గోడకు ఆనుకొని నోరు తెరిచి నిలబడిపోయింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. రజినికి ఆ రంగు కళ్లలో నిలిచిపోయింది.

జగదీష్ ఆదోనిలో బట్టల దుకాణంలో పని చేస్తాడు. అందుకని ఆదోని ఆస్పత్రికే తీసుకుపోయారు. ఆక్సిజన్ పెట్టారు, సెలైన్లు ఎక్కించారు, ఊపిరితిత్తుల డాక్టరు వచ్చి చూశాడు. నాలుగు మాటలు చెప్పి వెళ్లాడు. ఆ నాలుగు మాటలను నలభై చేసి అర్థమయ్యేట్టు చెప్పింది మల్లేశ్వరి అనే నర్సు. నవ్వితే వార్డంతా వినబడే మనిషి.

మల్లేశ్వరి చెప్పింది రజిని పాఠంలాగా విన్నది. తొమ్మిదో తరగతిలో ఉండగానే ఇంట్లో తల్లికి జబ్బు చేసి బడి మానిపించారు గానీ, మానిపించకపోతే ఈ పిల్ల మొదటి బెంచీలో కూర్చొనేదే. ఆయాసం వచ్చినప్పుడు వెల్లకిలా పడుకోబెట్టకూడదు. కూర్చోబెట్టి, ఒళ్లో దిండు పెట్టి, దాని మీద మోచేతులు ఆనించి ముందుకు వంగమనాలి. ముక్కుతో మెల్లగా తీసుకొని, వేడి గంజి ఊదినట్టు పెదవులు సున్నా చుట్టి అంతకంటే మెల్లగా వదలమనాలి. ఒకేసారి కడుపు నిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా పెట్టాలి. గోరువెచ్చని నీళ్లు తాగించాలి. పొయ్యి దగ్గరికీ రాట్నం దగ్గరికీ పోనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పొద్దునా సాయంత్రమూ పీల్చే మందు.

ఆ మందు క్యాప్సూల్‌లో పొడిగా ఉంటుంది. క్యాప్సూల్‌ను బొటనవేలంత గొట్టంలో పెట్టి తిప్పితే అది పగులుతుంది. గొట్టం కొసను పెదవుల మధ్య గట్టిగా పట్టుకొని గుండెల నిండా పీల్చాలి. మల్లేశ్వరి తన దగ్గర నేర్పడానికి ఉంచుకున్న ఖాళీ గొట్టాన్ని నోట్లో పెట్టుకొని పీల్చి చూపించింది. లోపల బుర్రుమని చప్పుడు వచ్చింది.

“ఈ సప్పుడు రావాల పెద్దమ్మా. సప్పుడు రాకుంటే మందు లోపలికి పోలేదని లెక్క. పీల్చినాక నోరు పుక్కిలించి ఉమ్మేయల్ల. గొట్టాన్ని మటుకు రోజూ నీళ్లలో ముంచొద్దు, తడి తగిలితే పొడి అంటుకుంటాది. పొడిగుడ్డతో తుడిసి పెట్టుకో.”

వెంకటేశ్వరమ్మ తల ఊపింది. ఆమె తల ఊపిందంటే ఒప్పుకున్నట్టు కాదని ఆ నర్సుకు ఎలా తెలుస్తుంది? ఆమె చూస్తున్నది గొట్టాన్ని కాదు, మల్లేశ్వరి పెదవులను. మంచం మీద ఆమె చేతికి ఇచ్చినది డబ్బా విప్పి తీసిన కొత్త గొట్టమే. అయినా ఆమె దాన్ని రెండు వేళ్లతో, బల్లి తోకను పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఇంటికి వచ్చాక దానికి బూర అని పేరు పెట్టింది. తిరుణాళ్లలో పిల్లలు కొనుక్కునే బూర. “నా బూర ఈడ పెట్టండి, నా బూర ముట్టుకోవద్దండి” అని అందరికీ చెప్పింది. దేవుని గూట్లో పటాల పక్కన ఒక డబ్బీలో పెట్టుకుంది. పొద్దున స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, దీపం వెలిగించి, గోడవైపు తిరిగి కూర్చొని, ఒకరు చూస్తుండగా తినకూడదన్నట్టు కొంగు అడ్డం పెట్టుకొని మందు తీసుకునేది. అదే సమయానికి ముందుగదిలో మార్కండేయులు మగ్గం మొదలయ్యేది. మగ్గం మొదలైతే ఆ ఇంట్లో పక్కనున్న మనిషి తుమ్మినా వినబడదు.

రజిని వంటింటి గడపలో నిలబడి, పాపను చంకలో వేసుకొని అడిగేది.

“వాడినావా అత్తా?”

“వాడినాలే.”

“ఎట్లుండాది?”

“తియ్యగుండాది.”

రెండు పూటలా ఇదే మాట. తియ్యగా ఉన్న మందు అత్తకు నచ్చిందని రజిని సంతోషపడింది. కానీ ఆయాసం తగ్గలేదు. అత్త గది నుంచి వాకిలికి వచ్చేలోపు మధ్యలో తలుపు పట్టుకొని ఆగేది. అన్నిటికంటే రజినిని భయపెట్టింది అత్త తిట్లు. మునుపు వెంకటేశ్వరమ్మ మొదలుపెడితే పుట్టింటి నుంచి పట్టుకొని, పాలు పొంగించడం మీదుగా, జుట్టు దువ్వుకోవడం దాకా ఒకే దారంగా సాగేది. ఇప్పుడు “నిన్ను కన్న తల్లి” అనే దగ్గరే ఆగి, గాలి తీసుకొని, ఇంతకీ ఆ తల్లి ఏం చేసిందో చెప్పకుండానే వదిలేసేది. సగం తిట్టు విని నిలబడడం రజినికి ఎంత కష్టంగా ఉండేదంటే, ఒకటి రెండుసార్లు మిగతా సగం తనే అందించింది.

మధ్యాహ్నాలు అత్త దిండుకు చేరగిలి కళ్లు మూసుకుంటే చాలు, రజిని వేలు చాచుకొని వచ్చేది. వెంకటేశ్వరమ్మ కళ్లు తెరవకుండానే అనేది, “పోలేదులేమ్మే. పోయేటప్పుడు నీకు సెప్పే పోతా.”

మళ్లీ చూపించమన్న రోజు దగ్గరపడుతోంది. ఈసారికి తేలిక పడకపోతే కర్నూలు పెద్దాస్పత్రికి పంపాల్సి ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు. వెంకటేశ్వరమ్మ కూడా ముందే చెప్పేసింది. కర్నూలుకు తను రాదు. మందు పని చేయడంలేదు, ఈ క్యాప్సూళ్లు అయిపోతే బూరను పాపకు ఆడుకోవడానికి ఇచ్చేస్తుంది, ఉన్నన్నాళ్లు ఉంటుంది. ఆ మాట ఆమె ఎంత మామూలుగా చెప్పిందంటే, కరివేపాకు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. రజిని వంటింట్లోకి పోయి ఏడ్చింది. అన్నంలో ఉప్పు ఎక్కువైందని ఆ పూట మామ కూడా తిట్టాడు. ఆయన తిట్టడం అంటే కంచం వైపు కొంచెం ఎక్కువసేపు చూడడం.

అప్పుడు అమావాస్య వచ్చింది.

అమావాస్యనాడు ఆ వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు. నేసేవాళ్లు కూర్చునే గుంతలో దిగరు, దారం తెంపరు. తెల్లారితే వీధంతా మూగపోయినట్టుంటుంది. ఆ రోజు పొద్దున వెంకటేశ్వరమ్మ ఎప్పటిలాగే దీపం వెలిగించి గోడవైపు తిరిగింది. రజిని ఎప్పటిలాగే గడపలో నిలబడింది. క్యాప్సూల్ పగిలిన టక్ అనే చిన్న శబ్దం స్పష్టంగా వినబడింది. తర్వాత రజిని బుర్రుమనే చప్పుడు కోసం చెవి పెట్టింది. పిచ్చుక వినబడింది. సుభద్రమ్మ ఇంట్లో గిన్నెల చప్పుడు వినబడింది. పాప తన చెవి పక్కన పీల్చి వదులుతున్న గాలి వినబడింది. బూర మాత్రం వినబడలేదు.

“వాడినావా అత్తా?”

“వాడినాలే.”

సాయంత్రం రజిని గడపలో నిలబడలేదు. అత్తకు తెలియకుండా దేవుని గదిలోనే, బియ్యం బస్తా పక్కన, పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని కూర్చొంది. అక్కడ నుంచి అంతా కనబడింది.

వెంకటేశ్వరమ్మ గొట్టంలో క్యాప్సూల్ పెట్టింది, తిప్పింది. తల వెనక్కి వంచింది. నోరు తెరిచింది. గొట్టాన్ని జానెడు పైకెత్తి పట్టుకొని, చెంబులో నీళ్లు ఎత్తి పోసుకున్నట్టు, ఒక్క చుక్క కూడా పెదవికి తగలకుండా, పొడిని నాలుక మీదికి దులుపుకుంది. రెండుసార్లు వేలితో తట్టి మరీ దులుపుకుంది. నోరు చప్పరించింది. తర్వాత ఎంతో శ్రద్ధగా పుక్కిలించి ఉమ్మేసి వచ్చింది.

రజిని బస్తా పక్కన నుంచి లేచింది. కోపం రావాలి గానీ రాలేదు. ఆ పట్టు చూస్తే ముచ్చటేసింది. జానెడు ఎత్తు నుంచి చిటికెడు పొడిని గురి తప్పకుండా వేసుకోవడం ఆస్పత్రిలో ఎవరికీ చేతకాదు. ఆ ముచ్చట వెనకే పాత భయం వచ్చింది. ఇన్నాళ్లూ అత్త రొమ్ములోకి ఒక్క రవ్వ మందు కూడా పోలేదు.

వెంకటేశ్వరమ్మ ఆశ్చర్యపోలేదు, సిగ్గుపడలేదు. తన వాదన తన దగ్గర సిద్ధంగా ఉంది. ఆ ఇంట్లో కొడుకు తాగిన చెంబైనా సరే, కడగందే ఆమె ముట్టదు. అందరూ ఎత్తి పోసుకొని తాగాల్సిందే, పాపకు కూడా ఉగ్గుగిన్నె నుంచి ఎత్తి పోయడమే. నోరు తగిలిన వస్తువు ఎంగిలి. ఎంగిలిని కడగాలి. కడగొద్దని ఆ నర్సమ్మే చెప్పింది. కడగకుండా దేవుని గూట్లో పెట్టకూడదని పెద్దలు చెప్పారు. ఇద్దరి మాటా పోకుండా తను ఒక దారి కనిపెట్టింది. ఇందులో తప్పేముంది?

“అట్ల పోసుకుంటే లోపలికి పోదత్తా.”

“నీళ్లు పోతాండాయా, లేదా? మజ్జిగ పోతాండాదా, లేదా? మందుకు మటుకు దోవ తెలీదా?”

“అవి కడుపులోకి పోతాయి. ఇది ఊపిరిలోకి పోవల్ల.”

“రెండిటికీ ఒకటే నోరు కదమ్మే.”

రజిని ఫోన్ తీసి ఆస్పత్రికి చేసింది. మల్లేశ్వరి డ్యూటీలో ఉంది. అంతా విన్నది. నవ్వు ఆపుకుంటోందని రజినికి తెలిసింది, ఎందుకంటే ఆమె ఆపుకున్న నవ్వు కూడా వినబడుతుంది. “అట్ల పోసుకుంటే నాలిక్కి నయమైతాదమ్మా, రొమ్ముకు కాదు” అంది. తర్వాత గొంతు మార్చి, భయపెట్టకుండా గట్టిగా చెప్పింది. పోట్లాడి వాడించొద్దు, పోట్లాడితే ఆయాసం పెరుగుతుంది. కానీ చూపించే రోజు వచ్చేలోపు ఈ మందు సరిగ్గా లోపలికి పోయి తీరాలి. మందు పోయినా తగ్గకపోతే కర్నూలు మాట. పోకుండానే కర్నూలు పోతే అది అన్యాయం.

ఆ సాయంత్రం రజిని చెయ్యని ప్రయత్నం లేదు. గొట్టాన్ని దేవుని గూట్లో కాకుండా వేరే చోట పెడదామంది. ఎక్కడ పెట్టినా ఎంగిలి ఎంగిలే అంది అత్త. పోనీ రోజుకొక కొత్త గొట్టం కొందామంది. తమది జమీందారీ కాదంది అత్త. మన ఎంగిలి మనకే తప్పా అని అడిగింది. కింద పెట్టి మళ్లీ ఎత్తితే తప్పేనంది అత్త. చివరికి జగదీష్ ఆదోని నుంచి వచ్చి, తల్లిమీద గొంతు పెంచాడు. వెంకటేశ్వరమ్మ కొడుకుతో మాట్లాడడం మానేసి, దిండు ఒళ్లో పెట్టుకొని ముందుకు వంగి, పెదవులు సున్నా చుట్టి గాలి వదులుతూ కూర్చొంది. నర్సు చెప్పినవాటిలో ఎంగిలి కానివన్నీ ఆమె ఏ లోటూ లేకుండా చేసేది. ఆ వంగిన వీపు ఎగసిపడడం చూస్తూ జగదీష్ గొంతు తగ్గించుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున మార్కండేయులు మగ్గం గుంతలో దిగాడు. రజిని పాలు పొయ్యి మీద పెట్టి, పాప గుంత అంచుకు పాకుతోందని పట్టుకోవడానికి వచ్చింది. అప్పుడే ఆయన చేతిలోని నాడె, అంటే పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్య పడవ, ఖాళీ అయింది. ఆయన పాత కండె తీసి కొత్త కండె పెట్టాడు. దారం కొస నాడె పక్కనున్న చిన్న కంతలోంచి బయటికి రావాలి. దానికి సూదీ లేదు, పుల్లా లేదు. నాడెను నోటి దగ్గరికి తీసుకున్నాడు. కంతకు పెదవులు బిగించి ఒక్కసారి సర్రున పీల్చాడు. దారం కొస పెదవుల మధ్యకు వచ్చింది. వేలితో అందుకొని లాగి మళ్లీ నేత మొదలుపెట్టాడు.

ఈ పని ఆయన రోజుకు ఎన్నిసార్లు చేస్తాడో ఆయనకే తెలియదు. రజిని కాపురానికి వచ్చినప్పటి నుంచి చూస్తూనే ఉంది. పుట్టింటివాళ్లు పెద్దకడుబూరులో ఎప్పుడో మగ్గం వదిలేసి పత్తి చేల కూలికి పోతారు. పడుగుకూ పేకకూ తేడా తెలియని నేతపిల్ల అని అత్త ఎగతాళి చేసేది కూడా. రోజూ చూసేది కంటికి ఆనదు. ఆ పొద్దున ఆనింది. పాప ఆమె చంకలో నుంచి కిందికి జారింది, వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె కదల్లేదు.

“మామా, ఒక్క నిమిషం మగ్గం ఆపుతావా?”

మార్కండేయులు ఆపాడు. కోడలు ఆయనను ఏదైనా అడగడం అదే మొదటిసారి. గోడ అవతల దేవుని ముందు డబ్బీ మూత తీస్తున్న చప్పుడు వినబడింది. రజిని గొంతు అటువైపు పెంచింది.

“అత్తా, ఈ నాడెకు నువ్వు ఎప్పుడన్నా నోరు పెట్టినావా?”

“పెట్టకుంటే గుడ్డ యాడ నుంచి వచ్చేదమ్మే? ఇరవై ఏండ్లు పీల్చినా” అంది లోపలి నుంచి వెంకటేశ్వరమ్మ, కొంచెం గర్వంగానే.

“మామ పీల్చినాక నువ్వు. నువ్వు పీల్చినాక మామ. ఇదే నాడె.”

“ఇదే. మా మామ చేయించినాడు.”

“మద్దెలో కడిగినారా?”

“నాడెను యాడన్నా కడుగుతారా? కొయ్య ఉబ్బిపోతాది.” లోపల డబ్బీ మూత పడింది. తర్వాత అదే గొంతు, ఈసారి అంత గర్వం లేకుండా, “అది పని. పనికి ఎంగిలి ఉండదు” అంది.

“ఇదీ పనే కదత్తా. ఊపిరి ఆడడం పని కాదా?”

వెంకటేశ్వరమ్మ తలుపు పట్టుకొని ముందుగదిలోకి వచ్చింది. ఒక చేతిలో బూర ఉంది. కోడలి ముఖం వైపు చూసింది, మొగుడి చేతిలోని నాడె వైపు చూసింది. వాదనలో ఎక్కడో పోగు తెగిందని ఆమెకు తెలిసింది గానీ ఎక్కడ ముడి వేయాలో దొరకలేదు. అప్పుడు, సంవత్సరానికి లెక్కపెట్టగలిగినన్ని మాటలు మాట్లాడే మార్కండేయులు గుంతలో నుంచి తల ఎత్తకుండా అన్నాడు.

“ఇరవై ఏండ్లు నా ఎంగిలికి జంకలేదు. ఇప్పుడు నీ ఎంగిలికి నువ్వే జంకుతాండావు.”

కోడలి ముందు మొగుడు అంత మాట అనేసరికి వెంకటేశ్వరమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ముసలాయనకు మతి పోయిందని కొంగు వెనక నుంచి అంది. ఆ కొంగు చాటునే, ఎవరూ అడగకుండానే, గొట్టం కొసను పెదవులకు బిగించి, దారం లాగినట్టు సర్రున ఒక్క పీల్పు పీల్చింది.

బుర్రుమని మోగింది.

ఆమె అదిరిపడి గొట్టం తీసేసి, లోపల పురుగేదో ఉందంది. తర్వాత దగ్గింది. తర్వాత, ఇది తియ్యగా లేదని ఫిర్యాదు చేసింది. రజిని ఏడుస్తూ నవ్వుతూ రెండో పీల్పు పీల్పించి, పుక్కిలించడానికి చెంబు తెచ్చి ఇచ్చింది. పుక్కిలించడం దగ్గర మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒక చెంబు కాదు, రెండు చెంబులు పుక్కిలించి, పీల్చినాక నోరు కడుక్కోమని చెప్పినందుకు ఆ నర్సమ్మ ఆచారం తెలిసిన మనిషేనని మెచ్చుకుంది. ఆ రోజు నుంచి బూర దేవుని గూట్లోంచి మగ్గం పక్కనున్న గూట్లోకి మారింది. నాడెలు, కండెలు, దువ్వెన, బూర. పనిముట్ల మధ్య పనిముట్టు.

తేలిక వెంటనే కనబడలేదు. మెల్లగా వచ్చింది. మొదట తలుపు దగ్గర ఆగకుండా వాకిలికి వచ్చింది. తర్వాత అరుగు దిగింది. అసలు సంగతి రజినికి తెలిసింది, పాప మగ్గం కింద నుంచి ఒక కండె తీసుకొని చీకుతున్న రోజు. వెంకటేశ్వరమ్మ తిట్టు అందుకుంది. నిన్ను కన్న తల్లి అని మొదలుపెట్టి, ఆ తల్లి ఏం నేర్పిందో చెప్పి, ఏం నేర్పలేదో చెప్పి, పొంగిపోయిన పాల మీదుగా, నిన్న దువ్వుకోని జుట్టు దాకా, ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో తిట్టింది. రజిని ఆ తిట్టు మొదలు నుంచి చివరి దాకా తలవంచుకొని విన్నది. అయిపోయాక, ఇంకేమన్నా ఉందా అత్తా అని ఆశగా అడిగింది.

చూపించాల్సిన రోజు ఆదోనిలో మల్లేశ్వరి వెంకటేశ్వరమ్మ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, అంకె చూసి, సంతోషంగా డాక్టరుకు చూపించింది. కర్నూలు మాట ఎత్తకుండానే ఆయన మందు చీటీ రాశాడు. ఒకసారి పీల్చి చూపించమంది మల్లేశ్వరి. వెంకటేశ్వరమ్మ పీల్చింది. పక్క మంచాలవాళ్లు కూడా తల తిప్పి చూసేంత గట్టిగా మోగింది. ఇంత బాగా ఎవరు నేర్పినారు పెద్దమ్మా అని అడిగింది నర్సు.

“ఒకరు నేర్పేదేముందమ్మా, మాకు పుట్టుకతో వచ్చు” అంది వెంకటేశ్వరమ్మ. రజిని పాప చొక్కా గుండీ సరిచేసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మనిషికి ఊపిరి వస్తే ఊరికే కూర్చొంటుందా? కర్నూలు దగ్గర గూడూరులో ఉన్న కూతురు ఉమాదేవి, తన కొడుక్కి పుట్టు వెంట్రుకలు తీయిస్తున్నామని ఫోన్ చేసింది. వెంకటేశ్వరమ్మ బూరను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకొని, కొన్నాళ్లు ఉండి వస్తానని బస్సెక్కింది. మొన్నటిదాకా వాకిలి దాటలేని మనిషి బస్సు మెట్లెక్కి, కండక్టరుతో సీటు గురించి పోట్లాడడం చూసి రజిని కళ్లు తుడుచుకుంది. బస్సు మలుపు తిరిగాక గాని అసలు సంగతి గుర్తు రాలేదు.

గూడూరులో ఉమాదేవి అత్త ఉంది. వెంకటేశ్వరమ్మ ఆచారం ఒక మెట్టయితే ఆ వియ్యపురాలిది రెండు మెట్లు పైన. ఎత్తి పోసుకొని తాగిన చెంబును కూడా, పెదవుల గాలి తగిలిందేమోనని చింతపండుతో తోమే మనిషి. అలాంటి మనిషి ఎదురుగా, ఆమె ఇంట్లో, ఆమె వంటగది గడప దగ్గర కూర్చొని, గొట్టానికి నోరు పెట్టి సర్రున పీల్చడానికి వెంకటేశ్వరమ్మకు మనసొప్పుతుందా? ఆ ఇంట్లో చీరలు అమ్ముతారు గాని మగ్గం లేదు. చూపించడానికి నాడె లేదు. గుంతలో నుంచి ఒక మాట అనడానికి మార్కండేయులు లేడు.

రజిని రోజూ ఫోన్ చేస్తోంది. వాడుతున్నావా అత్తా అంటే వాడతాండాలే అంటోంది. ఎట్లుండాది అని అడగడానికి ధైర్యం చాలడంలేదు. తియ్యగుండాది అంటే ఏం చెయ్యాలి? తను పోదామంటే పాపకు పళ్లొస్తూ ఒళ్లు వెచ్చగా ఉంది. జగదీష్‌కు సెలవు లేదు. ఊరికే భయపడతావని అందరూ ఆమెను చూసి నవ్వుతున్నారు. నిజమే, ఆమె ఊరికే భయపడుతుంది. అయినా ఇదివరకు ఒకసారి ఊరికే భయపడినదే మంచిదైంది.

అందుకని, ఈ రోజుల్లో మీలో ఎవరన్నా గూడూరు మీదుగా పోతుంటే ఒక్క సాయం చెయ్యండి. చీరలు అమ్మే ఉమాదేవి ఇల్లెక్కడని అడిగితే చూపిస్తారు. చీర కొనే వంకతో కూర్చొండి. పొద్దున్నే పోండి, దీపం వెలిగించే సమయానికి. వాడుతున్నారా అని మాత్రం అడగొద్దు, అడిగితే వాడుతున్నా అనే చెబుతుంది. మాట్లాడకుండా పక్కన కూర్చొని, మా వెంకటేశ్వరమ్మ ఎట్లుందో ఒకసారి మీ కళ్లతో చూసి రండి.